బరువాగే చోటు

గులాం మొహిద్దీన్ రెండో రొట్టె ముగించి మూడోదానికి చెయ్యి చాచాడు. పనికి వెళ్ళే రోజు కడుపునిండా తినడం అతని అలవాటు.

"తినండి, తినండి. గోడకి మీరు బరువనిపించాలిగా," అంది సుల్తాన్ బీ పళ్ళెంలో రొట్టె వేస్తూ. నవ్వించాలనే అంది. కానీ ఆమె కళ్ళు భర్త ఎడమచేతి మీదే ఉన్నాయి. రెండు రోజులుగా అతను ఆ చేతిని మాటిమాటికీ నొక్కుకుంటున్నాడు.

"ఇయ్యాల మానుకోకూడదూ?"

"మూణ్ణెల్లకి పిలిచాడు టీవీల షాపు శ్రీనివాసరావు. ఇప్పుడు రానంటే ఇంకెప్పుడూ పిలవడు."

ఆమె లేచింది. సంచిలో డ్రిల్లింగ్ మిషను, మరమేకుల డబ్బా సర్ది, పైన నీళ్ళ సీసా పెట్టింది.

తెనాలిలో ఎక్కిన రేపల్లె బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. జేబులో చెయ్యి పెట్టి అయస్కాంతాన్ని తడుముకున్నాడు. మధ్యలో చిల్లున్న నల్లటి గుండ్రటి బిళ్ళ అది. పాత రేడియో స్పీకరులోంచి తీసి దాచుకున్నాడు. ఒకప్పుడు అతను రేడియోలు బాగుచేసేవాడు. అవి పోయాక మేడల మీద యాంటెన్నాలు కట్టాడు. తర్వాత డిష్ గొడుగులు బిగించాడు. ఇప్పుడు గోడలకి టీవీలు. ఎన్ని ఇళ్ళలో బొమ్మ వచ్చేలా చేశాడో గుర్తులేదుగానీ, ఏ ఇంట్లోనూ కూర్చుని చూసింది లేదు. బొమ్మ రాగానే ఇంటివాళ్ళంతా అటు తిరిగిపోతారు. అతను సంచి సర్దుకుని వచ్చేస్తాడు.

పనిలో అతనికో పద్ధతుంది. టీవీని మోసే బ్రాకెట్టు గోడకి బిగించాక దాన్ని రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు ముడిచి, పది లెక్కపెట్టేదాకా వేలాడతాడు. యాభై ఎనిమిది కిలోల మనిషి ఆగిన చోట టీవీ ఆగకుండా ఎక్కడికి పోతుందనేవాడు. "భాయ్ టీవీ బిగించడు, తనే ఎక్కి కూచుంటాడు," అని షాపులో నవ్వుకునేవాళ్ళు.

మూణ్ణెల్ల కిందట బాపట్లలో ఒక్కచోట మాత్రం వేలాడలేదు. అది ఇటుక గోడ కాదు, జిప్సం బోర్డు గోడ, లోపలంతా బోలు. వేలితో తట్టి చూస్తే గట్టిగానే వినిపించింది. చెవులు మునుపటిలా లేవని అతను ఎవరికీ చెప్పుకోలేదు. ఆ రోజు గుండెల మీద ఏదో పెట్టినట్టుంటే, వేలాడకుండానే టీవీ తగిలించి వచ్చేశాడు. నాలుగో రోజు అది ఊడి కిందనున్న ఉయ్యాల తొట్టిలో పడింది. బిడ్డని అంతకు ముందే స్నానానికి ఎత్తుకెళ్ళారట. కబురు తెలిసి పరుగెత్తుకెళితే ఆ తల్లి తిట్టలేదు. విరిగిన తొట్టిని చూపించి ఊరుకుంది. ఆ తొట్టి ఇప్పటికీ అతని కళ్ళముందు నుంచి కదల్లేదు.

రేపల్లెలో టీవీ కొన్న నాగదుర్గ వాళ్ళది అద్దె ఇల్లు. ఒక్క హాలునే అలాంటి జిప్సం బోర్డుతో అడ్డంగా కోసి రెండు గదులు చేశారు. టీవీ ఆ బోర్డు గోడకే బిగించాలి. కళ్ళజోడు పెట్టుకున్న ఆరేళ్ళ పిల్ల అతని సంచి చుట్టూ తిరగసాగింది.

"మా తేజస్వి, బాబాయ్. ఎంత చెప్పినా, ఎవరింట్లోనైనా టీవీ కిందకెళ్ళి కూచుంటది. దూరం నుంచి ఆనదు దానికి," అంది నాగదుర్గ.

మొహిద్దీన్ గోడ కిందికి చూశాడు. అక్కడ అప్పటికే ఒక చిన్న చాప పరిచి ఉంది.

అతను అయస్కాంతాన్ని గోడ మీద మెల్లగా జరుపుతూ పోయాడు. ఒకచోట అది టక్కున పట్టుకుంది. బోర్డుని లోపల నిలువునా ఉన్న ఇనప పట్టీకి పట్టి ఉంచిన మర అక్కడుందన్నమాట. దాని కింద ఇంకోటి, ఆ కింద మరోటి. వాటిని కలుపుతూ నిలువునా పెన్సిల్‌తో గీత గీశాడు. రెండడుగుల అవతల ఇంకో గీత వచ్చింది. గుర్తుగా అయస్కాంతాన్ని మొదటి గీత అడుగున వదిలాడు.

"టీవీ జానెడు ఎడమకి వస్తది అమ్మాయ్."

"అయ్యో, మధ్యలో పెట్టండి బాబాయ్. చూసినోళ్ళు నవ్విపోతారు."

"మధ్యలో ఏం లేదు. ఖాళీ."

"ఖాళీ ఏంటి? గోడుందిగా!"

"తట్టి చూడు."

ఆమె మధ్యలో తట్టింది. ఖాళీ డబ్బాలా మోగింది. గీత మీద తట్టింది. మోత లోపలే అణిగిపోయింది. మొహిద్దీన్‌కి రెండూ ఒకలాగే వినిపించాయి.

"తేడా తెలిసిందా?"

"తెలిసింది బాబాయ్."

అతను ఊపిరి వదిలాడు.

"టీవీగారు కదలరంట, మనమే జరగాలంట," అని కూతురితో అంటూ నాగదుర్గ మంచం ఎడమకి లాగింది.

మరలు ఇనుములో దిగుతుంటే మిషను గీపెట్టింది. నాలుగు మరలు బిగించేసరికి అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎడమచెయ్యి భుజం దాకా లాగుతోంది. బ్రాకెట్టు ఒంపు లేదని చూసుకుని, నుదురు తుడుచుకున్నాడు.

"ఇప్పుడేం చేస్తావ్ తాతా?"

"వేలాడతా. నువ్వు పది లెక్కపెట్టు."

"నాకు ఇరవై దాకా వచ్చు."

"అయితే ఇరవై."

అతను బ్రాకెట్టు పట్టుకుని కాళ్ళు ముడిచాడు. తేజస్వి గట్టిగా మొదలుపెట్టింది. పన్నెండు దాటి పద్నాలుగు అంది. ఆగింది. "తప్పొచ్చింది తాతా, ఉండు, మళ్ళీ చెప్తా," అని పదకొండు నుంచి అందుకుంది. నాగదుర్గ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గోడవైపున్న అతని ముఖం ఎవరికీ కనపడలేదు. దిగితే ఎవరూ ఏమీ అనరు. పది ఎప్పుడో అయిపోయింది. అతను తల వంచి కిందనున్న చాపని చూశాడు. చేతులు వదల్లేదు.

"ఇరవై!"

కాళ్ళు నేలకి ఆనించాడు. బోర్డు చిట్లలేదు. మర వీసమెత్తు కదల్లేదు.

నాగదుర్గ రెండోవైపు పట్టుకుంటే టీవీ తగిలించాడు. బొమ్మ వచ్చింది. పిల్ల ఒక్క గంతులో చాప మీదకి చేరింది.

"కాసిని మంచినీళ్ళియ్యి అమ్మాయ్," అన్నాడు. సంచి సర్దలేదు. మంచానికి వీపు ఆనించి, నేల మీద కాళ్ళు చాపుకుని, టీవీకి ఎదురుగా కూర్చున్నాడు.

నాగదుర్గ గ్లాసుతో వచ్చేసరికి తేజస్వి పెదాల మీద వేలు పెట్టుకుని ఉంది.

"తాత నిద్రపోయాడమ్మా. సౌండు తగ్గించు."

ఆమె "బాబాయ్" అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేకపోయింది.

సాయంత్రం శ్రీనివాసరావు తెచ్చిన వ్యానులో సుల్తాన్ బీ వచ్చింది. భర్త ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. లేచేటప్పుడు గోడ వైపు చూసింది.

"గట్టిగా ఉందా అమ్మాయ్?"

"ఉందండి పిన్నీ," అంది నాగదుర్గ. "బాబాయ్ ఇరవై దాకా ఆగారండి."

సుల్తాన్ బీ తలూపింది. మిషను, మరల డబ్బా, మూత తియ్యని నీళ్ళ సీసా ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

టీవీ కింద, పెన్సిల్ గీత అడుగున, పిల్ల చాపకి మూరెడు ఎత్తులో, మధ్యలో చిల్లున్న ఆ నల్లటి బిళ్ళ గోడని పట్టుకుని అలాగే ఉండిపోయింది.