రెండు రోజులకొక గోళీ

పాల్ పేరులోనే పాలున్నాయి గానీ మనిషి మొత్తం ఇనుమే. ఇటిక్యాల పక్క పల్లె నుంచి ఏటా పది కుటుంబాలను వెంటేసుకొని పూనా పోయి, స్లాబులకు రాడ్లు కట్టించే మేస్త్రి. "నేను వంచని ఇనుము లేదు, నన్ను వంచెటోడు పుట్టలే" అని బస్సంతా వినేలా అరిచే రకం. ఆ రోజు గద్వాలలో డాక్టరమ్మ ముందు మాత్రం తానే తల వంచుకొని కూర్చున్నాడు.

పక్కన భార్య రేణుక, పదమూడేళ్ల కూతురు రేఖ. పిల్లకు తలసేమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము పోయే దారి లేక ఒంట్లోనే పేరుకుంటుంది. దాన్ని తీసెయ్యడానికి రోజూ ఒక గోళీ నీళ్లలో కలిపి తాగించాలి.

"స్కాన్ల కాలేయం నిండా ఇనుమే కనబడుతున్నది. గుండెల గూడ మొదలైంది," అంది డాక్టరమ్మ. "రెండేండ్లు గోళీ వేసినా ఇట్లయిందంటే అది ఈ పిల్లకు పనిచేయనట్టే. ఆపేద్దాం. మందు ఎక్కించే పంపు పెడదాం. పొట్ట మీద చర్మం కింద సూది, వారానికి ఐదు దినాలు, దినానికి పది గంటలు. ఏండ్ల తరబడి నడవాలె."

సూది మాట చెవిన పడగానే రేఖ చున్నీని పొట్ట మీదికి లాక్కుంది.

"ఒక్క దినం తప్పలే డాక్టరమ్మా," అంది రేణుక. "పొద్దుగాల నేను పొయ్యికాడ ఉంట. ఈయనే కలిపి తాపుతడు."

పాల్‌కు నిజం తెలుసు. రక్తం పూనాలో దొరికేది గానీ గోళీలు గద్వాల నుంచే తేవాలి, అవీ ఒక్కసారికి రెండు నెలలకు సరిపడానే ఇస్తారు. తేవడానికి వస్తే నాలుగు రోజులు స్లాబు ఆగుతుంది. అందుకని రెండు రోజులకొకటి చేశాడు. మిగతా రోజు ఉత్త గ్లూకోజు పొడి కలిపేవాడు. ఆరంగుళాలకొక రాడ్ కట్టాల్సిన చోట ఎనిమిదంగుళాలకు కట్టినందుకు ఇమ్మానుయేలు అనే కూలీని గుంపులోంచి వెళ్లగొట్టిన మనిషి!

"గోళీ ఆపకుండ్రి డాక్టరమ్మా. తప్పు దానిది గాదు. నేనే దినం ఇడిసి దినం ఏసిన."

రేణుక అతని వైపు తిరిగింది. "బిడ్డ నోట్ల గూడ సందు పెంచినవా, మేస్త్రీ?"

పేరులో పాలుంటే ఏం లాభం, తప్పులో మాత్రం ఇంకెవరికీ పాలు లేదు.

డాక్టరమ్మ స్కాన్ కాగితం మళ్లీ చూసింది. "రోజూ వేసి ఉంటే గోళీ ఒక్కటే సరిపోయేదేమో. ఇప్పుడు గుండెకు చేరింది గనక సూది తప్పదు. గోళీ కూడా నడవాలె. ఏడాదికి మళ్ల స్కాన్ చూసి, తగ్గితే సూది తీసేద్దాం. కానీ ఈడనే ఉండాలె."

"ఉంటం. గుంపును నా కింద పనిజేసే బాలకృష్ణ తీస్కపోతడు. నాకు ఈడ గూడ ఇనుము పనే ఉన్నది గద!"

రేణుక మందుల చీటీ తీసుకొని లేచింది.

వరండాలో రేఖ అతని చెయ్యి పట్టుకుంది. "నాయినా, కొన్ని దినాలు నీళ్లు తియ్యగుంటుండె. నాకోసమే చక్కెరేస్తున్నవనుకున్న. ఆ దినం ఎప్పుడొస్తదా అని చూస్తుంటి."

పాల్ రెండో చేత్తో జేబులోంచి గోళీల డబ్బా తీసి దానివైపే చూస్తూ నిలబడ్డాడు. రేణుక అడక్కుండానే అతని చేతిలోంచి ఆ డబ్బా తీసుకుంది. అతను వదిలేశాడు.