బిందుమాధవి రెండో ప్రయత్నం

రాయపూర్‌లోని నర్సింగ్ కాలేజీ ల్యాబులో మంచం మీదున్నది శిక్షణకు వాడే, ఊపిరి తీసే రోగి బొమ్మే అయినా, దాని ఊపిరి ఆగగానే బిందుమాధవి చేతులు వణికాయి. రోగి కూతురిగా నటిస్తున్న సీనియర్ హిందీలో అరుస్తూ మీదికొచ్చింది. "చుప్ రహో!" అని నోరు మూయమన్నట్టు కసిరింది బిందుమాధవి. ఈలోగా బొమ్మ గుండె కూడా ఆగిపోయింది.

టీచర్ ఊర్మిళ తప్పులు ఎంచలేదు. "అప్పుడు నీకేమనిపించిందమ్మా?" అని తెలుగులో అడిగింది.

"కోపం మేడమ్." బిందుమాధవి వెంటనే తల అడ్డంగా ఊపింది. "కాదు, భయం. అది కనబడకూడదనే అరిచాను."

"రేపు మళ్లీ చేద్దువుగాని."

"రేపొద్దు మేడమ్. అభీ చేస్తా, ఇప్పుడే."

రెండోసారీ చేతులు వణికాయి. ఆమె దాచుకోలేదు. అరుస్తున్న కూతురి భుజం తట్టి, "మీరిక్కడే ఉండండి, నేను చూసుకుంటాను" అని హిందీలో చెప్పింది. వెంటనే బొమ్మ ఛాతీ మీద అరచేతులు ఆనించి నొక్కసాగింది. మానిటర్‌లో గుండె గీత కదిలేదాకా ఆపలేదు.