థర్మాకోల్ పడవ

సోమవారం అమ్మను ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన గంటకే వంతెన కూలింది. మళ్లీ డయాలసిస్ గురువారం. ఆసుపత్రి ఏటికి అవతల ఉంది. చుట్టూ తిరిగి వెళ్లే రోడ్డు నీళ్లలో ఉంది. పడవలన్నీ వరద సాయానికి ఎగువ ఊళ్లకు పోయాయి. గురువారం తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని, ఆ తర్వాత తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు ఫోన్లో చెప్పాడు.

నాన్న దుకాణాలకు బోర్డులు చేస్తాడు. థర్మాకోల్ పలకల్లోంచి వేడి తీగతో అక్షరాలు కోయడంలో ఆయనకు తిరుగులేదు.

"ఇది మునగదు. పడవకి ఇంకేం కావాలి?" అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నానికి షాపులో ఉన్న కొత్త పలకలన్నీ కోసి, అతికించి, పొడవాటి తొట్టిలాంటిది తయారుచేశాడు. నీళ్ల ట్యాంకులు బాగుచేసే బాబాయి డబ్బాడు రెసిన్ తెచ్చాడు.

"అన్నయ్యా, ఇది పూస్తే ఓటి ట్యాంకులే కారవు. నీ పడవెంత."

వాళ్లు డబ్బా మూత తీస్తుండగా ఒక చుక్క నా కాళ్ల దగ్గరున్న థర్మాకోల్ తునక మీద పడింది. చూస్తుండగానే అక్కడ కరిగి గుంట పడింది. గుంట లోతైంది. మా ఇంట్లో థర్మాకోల్ గురించి నాన్నకు ఎవరూ చెప్పరు. ఆయనకు తెలియనిదా అనుకుని నోరు మూసుకున్నాను.

సాయంత్రానికి రెసిన్ పూసిన పడవ అడుగంతా సెగ తగిలిన వెన్నలా కుంగిపోయింది. నాన్న అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"ముందే ఒక ముక్క మీద వేసి చూడాల్సింది," అన్నాడు బాబాయి.

"నేను చూశాను," అన్నాను. "మధ్యాహ్నమే."

నాన్న నా వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మంచం మీంచి అమ్మ అంది, "చావు కబురు చల్లగా చెప్పడం నీకే చేతనవునే."

షాపులో కొత్త పలక ఒక్కటీ మిగల్లేదు. దర్జీ బోర్డు, మందుల షాపు బోర్డు, రెండు స్కూలు బోర్డులు, అన్నీ పూర్తయి ఎదురు చూస్తున్నాయి. నాన్న వాటి మీది అక్షరాలు ఒక్కొక్కటే ఊడబీకి, అడుగు పలకలతో మళ్లీ పడవ కట్టాడు. ఈసారి రెసిన్ లేదు. ఇంట్లోని దుప్పట్లను వడ్రంగులు వాడే తెల్ల జిగురులో ముంచి పలకల మీద పరిచాం. పైన గోడల రంగు రెండు పూతలు వేశాం. గాలి నిండా తేమ. ఫ్యాను పెట్టినా, బుధవారం సాయంత్రానికి కూడా వేలు పెడితే అంటుకుంటూనే ఉంది. అమ్మ పాదాలు అప్పటికే ఉబ్బాయి.

గురువారం పొద్దున ఒడ్డున అమ్మను పడవలో కూర్చోబెట్టాక నాన్న తెడ్డు అందుకున్నాడు.

"నాన్నా, నువ్వెక్కితే మునుగుతుంది. నేను వెళ్తాను."

"నీకు తెడ్డు వెయ్యడం వచ్చా?"

"నీకు వచ్చా?"

బాబాయి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాన్న తెడ్డు నా చేతికిచ్చాడు.

సగం దూరం పోయేసరికి అడుగున రంగు పగిలి, కింద జిగురు పాలలా తెల్లబడింది. మూలల్లోంచి నీళ్లు ఊరాయి. అమ్మ తనకు డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి తడవకుండా భుజం మీద పెట్టుకుని, రెండో చేత్తో స్నానాల మగ్గుతో నీళ్లు తోడుతోంది. నాలుగు మగ్గులకే ఆయాసపడుతోంది.

"అమ్మా, జిగురు వదిలేస్తోంది."

"ఈసారి ముందే చెప్పావు. సంతోషం. వెయ్యి తెడ్డు."

అవతలి ఒడ్డున ఎవరో ఇద్దరు నడుం లోతు నీళ్లలోకి దిగి అమ్మను ఎత్తుకున్నారు. నేను దిగగానే పడవ రెండుగా విడిపోయింది. దుప్పట్లు ఒకవైపు, పలకలు ఒకవైపు కొట్టుకుపోయాయి.

అమ్మను మిషను పక్కన పడుకోబెట్టాక నాన్నకు ఫోన్ చేశాను.

"చేరాం. మిషను పెట్టారు."

ఆయన ఊపిరి వినబడింది.

"పడవ?"

"లేదు నాన్నా. వంతెన వేసేదాకా ఇక్కడే వరండాలో ఉంటాం. నువ్వు మాత్రం రావాలని చూడకు."

అటువైపు ఏదో గీకుతున్న చప్పుడు.

"ఏం చేస్తున్నావు?"

"ఇంకో రకం జిగురు దొరికింది," అన్నాడు. "ముక్క మీద చుక్క వేసి చూస్తున్నా."