చక్కెర సార్ పేరు

"ఎత్తకక్కా," అంది సుష్మ. "ఎత్తినవంటే బస్సు చప్పుడు ఇనబడ్తది. నువ్వు యాడున్నవో వానికి తెలిసిపోతది."

గోదావరి చేతిలో ఫోను మోగుతూనే ఉంది. తెర మీద వెలుగుతున్నది కొడుకు నరేందర్ ఫొటో. నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కినప్పటి నుంచి ఊపిరి తీసుకోనివ్వకుండా చేస్తూనే ఉన్నాడు. ఆమె చిట్టచివరి సీట్లో, ఇద్దరు స్నేహితురాళ్ల మధ్య నక్కి, తల మీద సంజన చున్నీ కప్పుకుని కూర్చుంది. యాభై ఆరేళ్ల వయసులో పెళ్లి చేసుకోవడానికి కొడుకింట్లోంచి పారిపోయే మనిషి ఎలా కూర్చోవాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఫోను ఆగింది. ఆగీ ఆగగానే మెసేజ్ చప్పుడు. తొందరలో కళ్లద్దాలు వంటింట్లోనే మరచిపోయింది. ఫోను సంజనకిచ్చింది. సంజన గొంతు తగ్గించి చదివింది.

"'అమ్మా, నాకంత తెలిసింది. ఎడపల్లి కాలువ కాడి శివుని గుడి, పదిన్నరకు. కారేసుకుని వస్తున్న. నువ్వు ఆ గుడి ఎక్కినవంటే మళ్ల నా గడప ఎక్కేది లేదు.'"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గుడి వానికెట్ల తెలిసింది?" అంది గోదావరి.

ముగ్గురిదీ బస్సు స్నేహం. గోదావరి బోధన్‌లో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ముప్పై తొమ్మిదేళ్ల సుష్మ అక్కడే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు, మొగుడి నుంచి విడాకులు తీసుకుని చాలా కాలమైంది. ఇరవై ఐదేళ్ల సంజన బట్టల షాపులో బిల్లులు కొడుతుంది. రోజూ ఇదే బస్సు, ఇదే వెనక సీటు. ఇదే సీట్లో సంజన ప్రేమలు మొదలయ్యాయి, ఇదే సీట్లో తెగిపోయాయి. సుష్మ ఏడ్చిందీ ఇక్కడే. చివరికి అందరికంటే పెద్దామె పెళ్లి కుదిరిందని చెప్పిందీ ఇక్కడే.

పెళ్లంటే పెద్ద హంగేమీ లేదు. గుళ్లో దండలు మార్చుకోవడం, దేవుడి ముందు పుస్తె కట్టించుకోవడం, సాక్షులుగా ఈ ఇద్దరు. అక్కడి నుంచి నేరుగా బోధన్‌లో ఆయన ఇంటికి. పెళ్లిచీర సంజన బ్యాగులో ఉంది. దండలు సుష్మ పెద్ద టిఫిన్ డబ్బాలో ఉన్నాయి. మొదట బోధన్‌లోనే అనుకున్నారు. అక్కడ ఎరిగినవాళ్లు ఎక్కువని నిన్న సాయంత్రమే ఎడపల్లికి మార్చారు. ఆ సంగతి తెలిసింది నలుగురికే. ఈ ముగ్గురు, ఆయన.

"పెద్దమ్మా, జర నవ్వు," అంది సంజన, ఆమె చల్లబడ్డ చేతులు రుద్దుతూ. "నేను రెండేండ్ల సంది యాప్‌ల ఎతుకుతున్న. ఒక్కడు గూడ నా కోసం బస్సెక్కేటోడు దొరకలే. మొన్నటోడు కాఫీకి రమ్మని, లొకేషన్ వాళ్లింటి గల్లీదే పెట్టిండు. ఎండల దూరం రానంటడు. నీకు యాప్ లేకుంటనే దొరికిండు సూడు."

"దొరికినోడు గూడ ఏమన్న తక్కువోడా?" అంది సుష్మ. "షుగర్ ఫ్యాక్టరీల చేసిండు. ఫ్యాక్టరీ మూతబడ్డది గని షుగరు ఒంట్ల మిగిలిపోయింది. రేపటి సంది అక్కకు ఉప్మా, ఆయనకు ఇన్సులిన్."

"ఓ పోరీ, పెండ్లి దినం గూడ ఇడిశిపెట్టవా?" గోదావరి నవ్వబోయింది. సగంలో అది ఏడుపయింది.

"పెండ్లిపిల్ల ఏడిస్తే మంచిదేనట. మా నానమ్మ చెప్పేది," అంది సంజన. "ఇగ ఇయ్యాల్టి సంది నిన్ను పెద్దమ్మ అనను. అక్క అంట. పెండ్లిపిల్లను పెద్దమ్మ అంటే మొగుడు ముసలోడైతడు."

"ఆయన అయ్యేది ఇంకేం మిగిలింది?" అంది సుష్మ. "సరేగని అక్కా, ఇప్పుడన్న ఆయన పేరు చెప్పు. సాక్షి సంతకానికి పిలిస్తే ఏమని చెప్పాలె? చక్కెర సార్ అనా?"

గోదావరి తల అడ్డంగా ఊపింది. ఇది వాళ్ల మధ్య ఏడాదిగా నడుస్తున్న ఆట. ఆమె మొగుడి పేరు నోటితో పలికే మనిషి కాదు. పోయినాయన పేరు కాపురం చేసినన్నాళ్లూ పలకలేదు. మరణ ధ్రువపత్రం కోసం మున్సిపల్ ఆఫీసుకు పోతే, అక్కడి గుమాస్తా పేరు అడిగితే, పక్కనున్న నరేందర్ వైపు చూపించింది. ఈయన మాట ఇచ్చిన రోజు నుంచీ ఈయన పేరుకూ అదే గతి. ఫోనులో 'బోధన్' అని రాసుకుంది. వీళ్లు ఆయనను చూసింది ఒక్కసారే, బోధన్ బస్టాండులో, దూరం నుంచి, తెల్లచొక్కాలో. అందుకే చక్కెర సార్ అని వాళ్లే పేరు పెట్టుకున్నారు.

బస్సు జానకంపేట దాటింది. రోడ్డుకు రెండు వైపులా వరి. ఒకప్పుడు అంతా చెరుకే ఉండేదని ఆయన చెబుతుండేవాడు.

గోదావరి 'బోధన్' నంబరు నొక్కింది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తాడు.

"పిలగానికి తెలిసిపోయింది," అంది ఆమె. "గుడి గూడ తెలిసింది. కారులొస్తున్నడు. మీరు గుళ్లున్నరా?"

"దగ్గర్లనే ఉన్న," అన్నాడు. వెనకాల ఎక్కడో కుక్కర్ విజిల్ వేసింది. హోటల్లో ఉన్నాడేమో అనుకుంది గోదావరి. ఆ క్షణంలో ఆమెకు అలా అనుకోవడమే కావాలి.

"ఇగ ఎట్ల?"

"లొల్లి ఎందుకు గోదావరీ? నీ కొడుకు నలుగుట్ల చెయ్యి చేసుకుంటే నా పరువేం గావాలె? ఇయ్యాల్టికి వాపస్ పో. మళ్ల సూద్దాం."

"వాపస్ యాడికి పోవాలె? వాడు గడప ఎక్కనియ్యనంటున్నడు."

"కన్న కొడుకు, ఎన్నొద్దులుంటడు గట్ల? రెండొద్దులైతే వాడే సల్లబడ్తడు." గొంతు తగ్గించాడు. "నేను ఒక్కటి చెప్త, ఏమనుకోకు. ఆ నర్సు మీద నాకు మొదటి నుంచి నమ్మకం లేదు. తన కాపురం చెడగొట్టుకున్నది, ఇంకొకలది నిలవడనిస్తదా? ఆలోచించుకో."

ఫోను పెట్టేశాడు.

గోదావరి మెల్లగా తల తిప్పి సుష్మను చూసింది. నెల రోజులుగా సుష్మ అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి గుండెలో గుచ్చుకున్నాయి. తొందరపడకక్కా. ముందు వాళ్లింట్ల చెప్పమను. ఫోన్ల తియ్యగ మాట్లాడేటోన్ని నేను ఒకన్ని సూసిన. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు, ఆమె చేతికి ఒక అనుమానం దొరికింది. ఆయన మీద కాకుండా ఇంకెవరి మీదనైనా సరే, కోపం పెట్టుకోవడానికి ఆమెకు ఒక మనిషి కావాలి.

"నువ్వే గద," అంది.

"ఏంది?"

"మా నరేందర్‌కు చెప్పింది నువ్వే గద, సుష్మా. నీకు మొదటి నుంచి ఇష్టం లేదు. నీ ఇల్లు నిలబడలేదని నా ఇల్లు గూడ నిలబడొద్దు. గంతే గద."

అంత గట్టిగా అనాలని అనుకోలేదు. కానీ బస్సులో సగం మంది వెనక్కి తిరిగారు. కండక్టర్ చేతిలో మిషన్ అలాగే ఆగిపోయింది.

సుష్మ దండల డబ్బా తీసి గోదావరి ఒళ్లో పెట్టి, కడ్డీలు పట్టుకుంటూ ముందుకు నడిచి, డ్రైవరు వెనక నిలబడింది. అటే తిరిగి నిలబడింది.

ఎడపల్లి ఇంకా కొంచెం దూరం ఉందనగా రైల్వే గేటు పడింది.

బస్సు ఆగింది. ముందు వడ్ల ట్రాక్టర్లు, వెనక ఆటోలు. ఇంజిన్ ఆగిపోయేసరికి బస్సంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. సంజన వెనక అద్దంలోంచి చూసి పెదవి కొరుక్కుంది. ఆటోల వెనక తెల్లకారు వచ్చి ఆగింది.

"అన్ననే," అంది.

గోదావరి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. దిగి పరుగెత్తాలంటే ఎటు? పొలాల మీదుగా గుడి కనిపిస్తుందేమో. మోకాళ్ల నొప్పులతో ఎంత దూరం పోగలదు?

"సుష్మక్క గాదు పెద్దమ్మా," అంది సంజన.

"నీకేం తెలుసు?"

"తెల్వదు. నీకు గూడ తెల్వదు. తెలిసినోన్నే అడుగుదాం." అనుమతి అడగకుండానే గోదావరి ఫోను తీసుకుని నరేందర్‌కు టైపు చేసింది. 'నా మీద అబద్ధాలు ఎవరు చెప్పిండ్రు నీకు?'

కొడుకు కారులో ఊరికే కూర్చుని ఉడికిపోతున్నాడేమో, జవాబు వెంటనే వచ్చింది. 'అబద్ధమా? నువ్వే సూస్కో. పొద్దుగాల వచ్చింది, ఎవరిదో నంబరు.' దాని కింద ఎవరో పంపిన మెసేజ్ ఉంది.

సంజన చదవసాగింది. "'నరేందర్ గారికి, మీ తల్లి గోదావరి ఈ రోజు పదిన్నరకు ఎడపల్లి కాలువ దగ్గర శివాలయంలో పరమేశ్వర్ అనే వ్యక్తిని పెళ్లి చేసుకోబోతోంది. మీ పరువు మీరు కాపాడుకోండి. ఇట్లు, మీ మేలు కోరేవారు.'"

చదవడం ఆపి, తల ఎత్తింది.

"ఇదేదో తప్పు మెసేజ్ ఉన్నది. పరమేశ్వర్ ఎవరు?"

గోదావరి మొహం పాలిపోవడం సంజన కళ్లారా చూసింది. చూసి, అర్థం చేసుకుంది.

"చక్కెర సార్ పేరా ఇది?" అంది గుసగుసగా.

గోదావరి కళ్లు మూసి తెరిచింది.

"మరి నాకు తెల్వదు గద పెద్దమ్మా ఈ పేరు. సుష్మక్కకు గూడ తెల్వదు. ఏడాది సంది నీ కాళ్లు పట్టుకున్నా చెప్పకపోతివి." సంజన మాట మధ్యలోనే ఆపేసింది. మిగిలిందేమిటో ఇద్దరికీ తెలుసు. నలుగురిలో ఇద్దరికి పేరు తెలియదు. మూడో మనిషి తానే.

పెళ్లి కుదిరిన ఏ ఆడదైనా తనవాడి పేరు స్నేహితురాళ్లకు చెప్పుకోకుండా ఉంటుందా అని ఆయన అనుకుని ఉంటాడు. పేరు రాస్తే అనుమానం నర్సు మీదికే పోతుందని అనుకుని ఉంటాడు. ఆయన పేరు ఆమె దేవుడి పేరులా లోపలే దాచుకుందని ఆయనకెలా తెలుస్తుంది?

ఆమె ఫోను తీసుకుని మళ్లీ 'బోధన్' నంబరు నొక్కింది. స్విచ్ఛాఫ్. ఇంకోసారి నొక్కింది. నెల నుంచి ఆయన ఒకటే మాట. మీవాళ్లు ఒప్పుకోరేమో గోదావరీ, మీవాళ్లు అడ్డం పడ్తరేమో. అది భయమనుకుంది. అది ఆశ. రానని మొహం మీద చెప్పే ధైర్యం లేక, ఆ పని ఆమె కొడుకుతో చేయించాడు. కుక్కర్ విజిల్ హోటల్‌ది కాదు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నుంచి ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు ఆమెకు అటు ఇల్లు లేదు, ఇటు ఇల్లు లేదు.

ముందు తలుపు దగ్గర గలాటా.

"తప్పుకో," అంటున్నాడు నరేందర్. "నువ్వేనా ఆ నర్సువు? మా అమ్మను చెడగొట్టింది నువ్వే గద."

"నేనే," అంది సుష్మ. మెట్టుకు అడ్డంగా నిలబడి రెండు చేతులతో కడ్డీలు పట్టుకుంది. "పైన ఒకామె, కింద ఒకడు, ఇద్దరు గూడ నన్నే అనబడ్తిరి. టికెట్ తీస్కో ముందు. ఆడోళ్లకే ఫ్రీ, నీకు గాదు."

ఎవరో నవ్వారు. నరేందర్ ఆమె చెయ్యి లాగేసి పైకి వచ్చాడు. తల్లి ఒళ్లోని డబ్బా చూశాడు. మూత సందులోంచి బంతిపూలు కనిపిస్తున్నాయి. అతని మొహం కోపంతో కాదు, సిగ్గుతో నల్లబడింది.

"లెవ్వమ్మా. కారుల కూసో. ఆ మెసేజ్ పెట్టినోడెవడో, వాని కాళ్లు కడిగి నెత్తిన సల్లుకుంట. నాకు ఇంత మేలు ఎవడు చెయ్యలే."

గోదావరి కదలలేదు. సుష్మ అతని వెనకే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె నరేందర్‌ను చూడలేదు.

"అక్కా, నీ కొడుకుతోని నువ్వు పోతవో, ఉంటవో, నీ ఇష్టం," అంది. "నేను ఇక్కన్నే దిగిపోత. రేపటి సంది ముందు సీట్ల కూసుంట. గని ఇంత మందిల నా కాపురం ముచ్చట తీసి, నేనే చెప్పిన అన్నవు. రోజు ఇదే బస్సుల పోయేదాన్ని. వీళ్లంత రోజు నా మొహం సూసేటోళ్లు. నేనైతే నేనే అని ఇంకోసారి అను. నేను గాకుంటే ఎవరో వీళ్ల ముందలనే చెప్పు."

"ఇదంత ఎందుకు?" అన్నాడు నరేందర్. "ఎవరైతే ఏంది?"

"ఊకో," అంది గోదావరి కొడుకుతో. ఆమె అతనితో ఆ మాట అని ఎన్నేళ్లయిందో.

డబ్బా సంజనకిచ్చి, ముందు సీటు పట్టుకుని లేచి నిలబడింది. నోరు తెరిచింది. ఆ పేరు పలికితే ఆయన తన మనిషి కాకుండా పోతాడు. మొగుడు కాడు. పరాయివాడు. వీధిలో పోయే ఎవడో ఒకడు. పలకకపోతే ఇంకా ఎక్కడో కొంచెం మిగిలి ఉంటాడు. ఆ కొంచెం కోసం ఆమె చూపు కిటికీ వైపు పోయింది. గేటు అవతల పొలాల మీద ఎండ తప్ప ఏమీ లేదు.

సుష్మ ఎదురుగా నిలబడే ఉంది.

"నువ్వు గాదు బిడ్డా," అంది గోదావరి. ఈసారి బస్సు మొదట్లో కూర్చున్న వాళ్లకు కూడా వినిపించేలా అంది.

"మెసేజ్ పెట్టింది పరమేశ్వర్."