గోడమీద నిబాల్దో

నిబాల్దో అనే మనిషి అసలు పుట్టనే లేదని పోలీసు స్టేషన్లో చెప్పారు. ఇటుకబట్టీలో కూలి పెంచమని అడిగినందుకు వాణ్ణి పట్టపగలు జుట్టుపట్టి జీపెక్కించడం వీధి వీధంతా చూసింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో కూడా పట్టుకుపోయారు. సైన్యం ఏలుబడిలో చిలీ దేశమంతా ఇలా పుట్టని బిడ్డలే. కన్నతల్లి ఎల్వీరా మాత్రం ఇప్పటికీ రెండు కప్పుల్లో టీ పోస్తుంది. రెండోది అలాగే చల్లారిపోతుంది.

వీధివాళ్లంతా కలిసి వండుకునే కొట్టం దగ్గర ఆదివారం మీటింగు పెట్టారు. మాయమైన వాళ్ల బొమ్మలు ఆ కొట్టం గోడమీద వెయ్యాలని మాట.

“బొమ్మలేస్తే కుండలోకి చిక్కుడు గింజలొస్తాయా?” అని సణిగాడు ముసలి ఎలియాసార్.

“పేపరు వాళ్లదే, రేడియో వాళ్లదే. మనకి మిగిలింది గోడొక్కటే తాతా,” అంది రంగులు తెచ్చిన కాలేజీ పిల్ల యోలాందా.

“మరి మావాడికి ఫొటో లేదే తల్లీ,” అంది ఎల్వీరా. “నాకే వాడి మొహం మరుపుకొస్తోంది.”

బట్టీలో నిబాల్దో పక్కన ఇటుకలు మోసిన సెగుందో లేచి గోడకి వీపానించాడు. “భుజాలు నావీ వాడివీ ఒకటే అత్తా. వాడి కోటు నేనెన్నిసార్లు తొడుక్కోలేదు!”

యోలాందా ఆ భుజాల చుట్టూ కుంచె తిప్పింది.

“కాళ్లు మాత్రం నీలా పొట్టివి కావురా,” అంది ఎల్వీరా. అందరూ నవ్వారు. పొడుగు కాళ్లు బస్సు డ్రైవరిచ్చాడు. ఒక పక్కకి వాలిన తలకోసం ఎలియాసారే సణుక్కుంటూ నిలబడ్డాడు. చేతులు ఎల్వీరావి. వేళ్లు అచ్చం తల్లి పోలికేనట.

లోపల నల్లరంగు నింపాక ఎల్వీరా రెండడుగులు వెనక్కి వేసి చూసింది. వాడే. ఇప్పుడే పనినుంచి వచ్చి నిలబడ్డట్టున్నాడు.

మర్నాడు సార్జెంటు సున్నం డబ్బాలతో దిగాడు. “ఎవడ్రా ఇక్కడ నిలబడి గీయించుకుంది? కొలిచి మరీ పట్టుకుంటా!”

మగవాళ్లని ఒక్కొక్కణ్ణే బొమ్మమీదికి నెట్టాడు. సెగుందోకి భుజాలు సరిపోయాయి, కాళ్లు చాల్లేదు. డ్రైవరుకి కాళ్లు సరిపోయాయి, భుజాలు ఇరుకు. ఎవరో కిసుక్కున నవ్వారు.

“మరి ఎవడిదిరా ఇది?”

“పుట్టనే లేదన్నారుగా బాబూ, వాడిది,” అంది ఎల్వీరా.

సార్జెంటు మొహం కందగడ్డయింది. భుజాలు సరిపోయిన పాపానికి సెగుందోని జీపులో కుక్కి పంపించాడు. జీపు కదులుతుంటే సెగుందో అరిచాడు: “నా ఫొటోకోసం వెతక్కు అత్తా! నా భుజాలు గోడమీదే ఉన్నాయి!”

కానిస్టేబుళ్లు సున్నంలో కుంచెలు ముంచారు. అందరికంటే ముందు ఎలియాసార్ వెళ్లి గోడకి అడ్డంగా నిలబడ్డాడు. తర్వాత డ్రైవరు, యోలాందా, వంట మధ్యలో వదిలేసి వచ్చిన ఆడవాళ్లు. కాసేపటికి గోడ కనిపించలేదు.

“పుయ్యండ్రా,” అన్నాడు ముసలాయన. “ముందు మా మొహాలకి పుయ్యండి!”

కానిస్టేబుళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఎల్వీరా జనంలోంచి దారి చేసుకుని వెళ్లి, నిబాల్దో బొమ్మకి వీపానించి, వాడి చేతుల్లో చేతులు పెట్టింది. గోడ వెచ్చగా తగిలింది. ఎండకి కాగిందని ఆమెకి తెలుసు. అయినా వీపు తియ్యలేదు.