నలభై ఏడో వరస

వానలు పట్టి, మైదానంలో నడిస్తే చెప్పులు బురదలో చప్పుడు చేసే రోజుల్లో మెకాంగ్ నది పారే దేశంలోని ఆ విశ్వవిద్యాలయంలో గుడారాల వారం వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలకి అది తిరునాళ్ళే. ఒక గుడారంలో డోలు నేర్పుతామంటారు, ఒక గుడారంలో జపానుకి పంపుతామంటారు, ఇంకో దాంట్లో సెలవుల్లో కొండ మీది బడులకు వచ్చి పాఠాలు చెప్పమంటారు. ఊరికే పంచిపెట్టే విసనకర్రలు పోగుచేసుకోవడానికి తిరిగేవాళ్ళు సగం మంది.

ఫాయి మాత్రం చేపల శాఖ గుడారం ముందే తచ్చాడింది. వచ్చే సెలవుల్లో మెకాంగ్ నది మీద పరిశోధన పడవ బయల్దేరుతోంది. ఏ చేప ఎక్కడ గుడ్లు పెడుతోందో, ఎందుకు తగ్గిపోతోందో చూసి రావాలి. మొదటి ఏడాది వాళ్ళకి అందులో ఒక్కటే చోటు. ఫాయి పుట్టింది ఆ నది ఒడ్డునే. వల ఖాళీగా పైకి వచ్చినప్పుడల్లా "చేపలు ఎటు పోయాయి నాన్నా?" అంటే "నదిని అడుగు" అనేవాడు తండ్రి. అడిగే అవకాశం ఇన్నాళ్ళకు కనిపించింది.

గుడారంలో కూర్చున్న ఆచాన్ విలై ఫాయి తరగతికి పాఠం చెప్పే ఆవిడే; అక్కడ పంతుళ్ళని ఆచాన్ అంటారు. పేరు రాసుకుని కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఈత వచ్చా?"

"నడక కన్నా ముందే వచ్చింది, ఆచాన్."

"నోరు బాగానే ఉంది. శనివారం పొద్దున్నే ఎంపిక, శాఖ చెరువు దగ్గరికి రా. నీ వరసలో పెద్దవాళ్ళని వెంటబెట్టుకు రావాలి. నీ తరఫున మాట ఇచ్చేవాళ్ళు లేకపోతే పడవెక్కించను. నదితో ఆటలు కాదు."

ఫాయి మొహం వాడిపోయింది.

అక్కడ విద్యార్థి నంబరులో చివరి రెండంకెలు కలిసినవాళ్ళంతా ఒక వరస. పై తరగతిలో అదే అంకె ఉన్నవాళ్ళు కింది తరగతి పిల్లకి అక్కో అన్నో అవుతారు. పాత పుస్తకాలిస్తారు, జ్వరమొస్తే గంజి తెస్తారు. మొదట్లో తామెవరో చెప్పరు. గది తలుపు గడియకి ఐసు వేసిన పాల టీ సంచి తగిలించి, 'నేనెవరో చెప్పుకో' అని ఓ చీటీ కట్టి పోతారు. సాయంత్రమయ్యేసరికి హాస్టల్ వరండా పొడుగునా నారింజరంగు టీ సంచులు వేలాడుతుంటాయి. ఫాయి గది గడియకి వేలాడేవన్నీ అదే గదిలో ఉండే ముక్‌వి. ఫాయిది నలభై ఏడు. రెండో ఏడాది నలభై ఏడు చదువు మానేసి వెళ్ళిపోయాడు. ఆ పైన మూడో ఏడాదిలో ఖేమ్ అని ఒకడున్నాడు, ఎవరినీ పలకరించడు.

"ఖేమ్ అన్నతో మాట్లాడాలంటే చేపై పుట్టాలే," అంది ముక్, టీ జుర్రుతూ. "పొద్దస్తమానం చేపపిల్లల తొట్ల దగ్గరే ఉంటాడట. కిందివాడు చెప్పకుండా వెళ్ళిపోయినప్పటి నుంచీ ఎవరితోనూ కలవడట."

"నేనే వెళ్తా."

"పిచ్చా నీకు? పెద్దవాళ్ళు వెతుక్కుంటూ రావాలి గానీ, మనం వెళ్తే అడుక్కున్నట్టుంటుంది. ఎవ్వరూ అలా చెయ్యరు."

"అడుక్కోను. టీ ఇస్తా."

ముక్ జుర్రడం ఆపేసింది.

ఆ సాయంత్రమే ఫాయి తొట్ల షెడ్డు గడియకి పాల టీ సంచి తగిలించి వచ్చింది. 'నేనెవరో చెప్పుకోండి. నాకు పడవలంటే ఇష్టం' అని చీటీ కట్టింది. మర్నాడు వెళ్ళి చూస్తే సంచి అలాగే ఉంది. ఐసు కరిగిపోయింది, చీమలు పట్టాయి. మనసు చివుక్కుమన్నా, దాన్ని తీసేసి కొత్తది తగిలించింది. ఆ మర్నాటికి అది కనిపించలేదు. శుక్రవారం ఇంకో సంచి కడుతుంటే లోపలి నుంచి తలుపు తెరుచుకుంది. మోచేతుల దాకా తడిసిన పొడుగాటి కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు.

"టీలో అంత చక్కెరేంటి? నన్ను చంపుదామనా?"

"అది కొట్టామె వేసింది అన్నా. నేను తగిలించానంతే."

"ఇది పెద్దవాళ్ళు చేసే పని."

"పెద్దవాళ్ళు చెయ్యట్లేదుగా."

ఖేమ్ తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. లోపల తొట్లకు గాలి కొట్టే మోటారు గురగురమంటోంది. ఫాయి పడవ సంగతీ, శనివారం సంగతీ చెప్పింది. అతను నేలచూపులు చూశాడు.

"నా కిందివాడికి పుస్తకాలిచ్చా, తిండి పెట్టా. అన్నీ చేశాననుకున్నా. ఓ రోజు మంచం ఖాళీ చేసి పోయాడు. వాడికి ఏం కష్టమొచ్చిందో నాకు తెలీనే తెలీదు. ఇంకొకళ్ళ తరఫున నేనేం మాట ఇస్తాను?"

"నేను వెళ్ళిపోవాలనుకుంటే మీకు చెప్పే వెళ్తాను. మీరు తిట్టినా సరే, ఎదురుగా నిలబడి చెప్తాను."

"తొట్లలో నీళ్ళు మార్చాలి," అన్నాడతను. టీ సంచి మాత్రం తీసుకుని లోపలికి పోయాడు.

ఎంపిక అన్నాక యూనిఫారం వేసుకోవాల్సిందే కదా అని, శనివారం ఫాయి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నల్ల స్కర్టు, మెరిసే బూట్లు వేసుకుని వెళ్ళింది. తీరా చూస్తే పేరిచ్చిన మొదటి ఏడాది పిల్లలందరూ అలాగే వచ్చి గట్టు మీద కొంగల్లా నిలబడ్డారు.

"పెళ్ళికి పిలిచానని ఎవరు చెప్పారర్రా?" అంది ఆచాన్ విలై. "దిగండి బురదలోకి. వల లాగాలి."

పెద్దవాళ్ళు నవ్వుకుంటూ తమ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పాత లాగులు, రబ్బరు బూట్లు అందించారు. ఏటా ఇదే తంతని వాళ్ళకు తెలుసు. ఫాయి వెనక ఎవరూ లేరు.

"నలభై ఏడు. నీ వెనక ఎవరు?"

ఫాయి దారి వైపు చూసింది. రానివాడి పేరు చెప్పడమెలా?

"నేను," అన్నాడు ఖేమ్, సైకిలు గట్టుకి చేరేస్తూ. ఒక పాత రబ్బరు బూట్ల జత ఫాయి ముందు పడేశాడు. లోపలివైపు సిరాతో వరసగా పేర్లున్నాయి, అంతకుముందు నలభై ఏడు నంబరు వాళ్ళవి. అన్నిటికన్నా కింద, చదువు మానేసినవాడి పేరు.

"పొద్దున వాడికి ఫోన్ చేశా," అన్నాడు మెల్లగా. "వాళ్ళ నాన్నకి ఒంట్లో బాగా లేకపోతే పొలం చూసుకుంటున్నాడట. చెప్తే నేను బాధపడతానని చెప్పలేదట. ఇన్నాళ్ళూ అడగడానికి నాకేమో భయం. వాడు వదిలేసి పోయిన ఈ బూట్లు నీకే ఇమ్మన్నాడు."

బూట్లు ఫాయికి బాగా పెద్దవయ్యాయి. వల పట్టుకుని చెరువులోకి దిగగానే ఒకటి బురదలో దిగబడిపోయింది. పక్కవాళ్ళు బట్టలు తడవకుండా వల అంచు పైకెత్తుతున్నారు, కింది నుంచి చేపలు జారుకుంటున్నాయి. ఫాయి బూటు సంగతి వదిలేసింది. తండ్రితో లాగినట్టే, అడుగు తాడును నేలకు అదిమిపట్టి, నడుం దాకా బురదలో కూర్చుండిపోయి లాగింది. ఆవలి గట్టుకి చేరేసరికి తెల్ల చొక్కా ఏ రంగో చెప్పడం కష్టం.

ఆచాన్ విలై వలలోకి చూసింది. తర్వాత ఒంటి బూటుతో నిలబడ్డ పిల్లను చూసింది.

"బూటు వదిలేసింది గానీ వల వదల్లేదు. ఈ పిల్ల క్షేమానికి ఎవరిది పూచీ?"

"నాది, ఆచాన్," అన్నాడు ఖేమ్. "తిరిగి రాకపోతే నన్నడగండి."

"అయితే పడవ మీద దీని చోటు ఖాయం. ముందు ఆ బూటు వెతుక్కోండి ఇద్దరూ."

వెతకడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరూ చెరో పక్కా పట్టి లాగితే, అది పెద్ద శబ్దం చేస్తూ ఊడొచ్చింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. చూడ్డానికి వచ్చిన ముక్ గట్టు మీద నవ్వు ఆపుకోలేక కూలబడింది.

"సోమవారం నుంచి టీ నేను తగిలిస్తా," అన్నాడు ఖేమ్, మొహం మీది బురద తుడుచుకుంటూ. "చక్కెర తక్కువేయిస్తా."

"ఎక్కువే వేయించండి అన్నా. నది మీద నాలుగు రోజులు దొరకదు."