నా కుట్టు కాదు

చివరి మాట చదివి ఏడ్చేశానండీ అని బెంగళూరు నుంచి ఒకావిడ, ఆ చివరి మాట కోసమే కథ నాలుగుసార్లు చదివానని హైదరాబాదు నుంచి ఒకాయన, నలభై ఒకటి, నలభై రెండు, కామెంట్లు లెక్కపెట్టకూడదు అనుకుంటూనే లెక్కపెడుతున్నాను, పోయిన వారం నా పున్నాగపూల కవితకు మూడొచ్చాయి, అందులో ఒకటి నేను రాసుకున్నదే, ధన్యవాదాలండీ అని, పదకొండేళ్ళుగా బడిలో తెలుగు చెబుతున్నాను, మా నాన్న విశ్వేశ్వరయ్యగారు పురాణం చెబితే ప్రొద్దుటూరులో సగం ఊరు కూర్చునేది, ఆయన కూతురు కాత్యాయనికి మూడు, జమ్మలమడుగులో జిరాక్సులు తీసే పిల్లకు నలభై రెండు, కాదు, ఇప్పుడే నలభై మూడు, దీని దుంపతెగ.

బయట పార్టీ జీపు మైకులో అరుచుకుంటూ పోయింది, ఎలక్షన్లు ఇంకా ఆరు నెలలున్నాయి, అప్పుడే మొదలుపెట్టారు, నెట్ సెంటర్ నూర్ అహ్మద్ తలుపు మూసి వచ్చి, మేడం, మూడింటికి కరెంటు పోతాది, ఏమన్నా రాసుకునేదుంటే బిన్నా రాసుకోండి అన్నాడు, సరేలేప్పా అన్నాను, రాసుకునేదేముంది, రాసే పెట్టాను, కామెంటు పెట్టెలో నా ఆరు వాక్యాలూ కూర్చునే ఉన్నాయి, నొక్కడమే తరువాయి, ఈ కథలో మీరందరూ మెచ్చుకుంటున్న చివరి మాట నాది అని మొదటి వాక్యం, ఎంత హాయిగా ఉందో అది చూసుకుంటే, నాది, అవును, నాదే కదా, అబద్ధమా ఏమైనా.

ఈ పుస్తకాల గ్రూపులో ఆ కథ పెట్టిన సన్నజాజి అంటే జిరాక్సుల పిల్ల షంషాద్ అని నా ఒక్కదానికే తెలుసు, ఆ పేరు పెట్టింది నేను, కంప్యూటర్లో తెలుగు కొట్టడం నేర్పింది నేను, రెండేళ్ళ కింద గ్రూపులో ఒక మూల, నాకు పుస్తకాలు దొరకవు, మాది చిన్న ఊరు అని రాసుకుంటే, మీదేవూరమ్మా అని విడిగా అడిగాను, చూస్తే గంట బస్సు ప్రయాణం, లైబ్రరీ పుస్తకాలకు న్యూసుపేపర్ అట్టలేసి బస్టాండులో చేతికిచ్చాను, ఏ నవల చదివి నేను పది రోజులు మనిషిని కాకుండా పోయానో ఆ నవల రెండు రోజుల్లో చదివేసి, బాగుందక్కా, కాకపోతే ఆఖర్న శానా సాగదీసినాడు అంది, ఒళ్ళు మండిపోయింది, నిజమే, సాగదీశాడు, ఆ మాట నాకెందుకు తోచలేదు, అమ్మకు కంటి ఆపరేషన్ అంటే రోజా ఉపవాసం ఉండి దువా చేస్తానక్కా అని రాసింది, నేనూ నరసింహస్వామికి పదకొండు శనివారాలు ఒక్కపూట భోజనం చేశాను, కట్టు విప్పాక అమ్మ ఏమంది, ఆ సాయిబుల పిల్ల ప్రార్థన ఊరికే పోలేదే అంది, నా పదకొండు శనివారాలూ ఏ గంగలో కలిశాయో, దేవుడి దగ్గర కూడా అదే ముందా, ఛీ, ఏం బుద్ధి నాది, కానీ అప్పుడు అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

ఇదే కథ మొదట రాసి పంపినప్పుడు ఎట్లా ఉంది, చివర పేజీన్నర ఏడుపు, లోకంలో మానవత్వం ఎక్కడ అని ఉపన్యాసం, ఇదంతా కొట్టేయమ్మాయ్, ఆ తల్లితో దర్జీ ఏమన్నాడో అది చెప్పు అన్నాను, ఏమన్నాడో నాకు తెలీదక్కా, మా నాయన ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు అంది, మా నాయన అనేసి నోరు మూసుకుంది, జమ్మలమడుగు బస్టాండులో, సిమెంటు బెంచీ మీద, అప్పుడు తెలిసింది నాకు, అది కల్పించిన కథ కాదని.

వాళ్ళ నాయన ఆ పక్క పల్లెలో దర్జీ, ఊళ్ళో రెండు పార్టీలు, రెండు హోటళ్ళు, రెండు మంగలి షాపులు, దర్జీ మాత్రం ఒక్కడే, రెండు పక్కలవాళ్ళ కొలతలూ ఒకే పుస్తకంలో, ఏ చొక్కా కుట్టినా ఆఖరి కాజా మాత్రం నీలం దారంతో కుడతాడట, గుండీ పెట్టుకునే ఆ చిన్న చీలిక, తెల్ల చొక్కా కానీ పచ్చ చొక్కా కానీ అడుగున ఒక్క కాజా నీలం, పంచెలోకి పోతుంది కాబట్టి ఎవరి కంటా పడదు, అది ఆయన సంతకం, ఏడేళ్ళ కింద వంకలో ఒక శవం దొరికింది, బాంబులకు మొహం లేదు, ఎస్సై చొక్కా తెచ్చి మిషను మీద పరిచి ఇది నీ కుట్టేనా అన్నాడు, రోడ్డుకు ఆ పక్క వాళ్ళు, ఈ పక్క వీళ్ళు, వేటకొడవళ్ళు పంచెల్లో ఉన్నాయని అందరికీ తెలుసు, ఆయన నీలం దారం చూశాడు, గుడ్డ గుర్తుపట్టాడు, అది ఆ పక్కవాళ్ళతో తిరిగే యల్లమ్మ కొడుకు చొక్కా, ఔనంటే ఆ సాయంత్రానికి పది ఇళ్ళు కాలతాయి, నా కుట్టు కాదు సార్ అన్నాడు, ఎవరిదో అనాథ శవమని పూడ్చేశారు, యల్లమ్మ మాత్రం కొడుకు ఎవరికో భయపడి బొంబాయి పోయినాడు, వస్తాడు అనుకుంటోంది, ప్రతి ఉగాదికీ గుడ్డ తీసుకొచ్చి, మావాడు వస్తే తొడుక్కుంటాడప్పా, లావెక్కినాడో సన్నబడినాడో, కొలతలు ఎట్లా మరి అని అడుగుతుంది, ఆయన పుస్తకం తీసి పాత కొలతలకే కుట్టి ఇస్తాడు.

అక్కా, రోజాలో ఉండి చెప్తాండా, యాడా అనకు, ఇప్పుడు తెలిస్తే ఆ పక్కోళ్ళు ఎందుకు దాచినావని అడిగి చంపుతారు, ఈ పక్కోళ్ళు అడక్కుండానే చంపుతారు అంది, నరసింహస్వామి మీద ఒట్టే అన్నాను, కథలో ఊరు మార్పించాను, పేర్లు మార్పించాను, నీలం దారం తీసేసి పగిలిన గుండీ అని పెట్టించాను, ఆ ఏడుపంతా కొట్టేసి కింద నా చేత్తో రాశాను, మారవులే పెద్దమ్మా, కొలతలు అవే, అన్నాడు దర్జీ, అంతే, అంతకు మించి ఒక్క ముక్క లేదు, ఇరవై ఏళ్ళుగా నేను రాసిన వాటిలో నిలబడే వాక్యం అదొక్కటే, అది పోయి దాని కథలో కూర్చుంది.

కాబట్టి చెప్పుకుంటే తప్పేంటి, రెండో వాక్యం, సన్నజాజి నా శిష్యురాలే, మూడోది, మాది ప్రొద్దుటూరు, తనది జమ్మలమడుగు పక్క పల్లె, నాలుగోది, అసలు కథలో ఉన్నది గుండీ కాదు, నీలం దారం, ఇది రాయకపోతే నేను చెప్పేది నిజమని ఎవరు నమ్ముతారు, ఐదోది తన అసలు పేరు, ఆరోది నా పేరు, అయినా ఎవరికి తెలుస్తుంది, చదివేదంతా బెంగళూరువాళ్ళు, హైదరాబాదువాళ్ళు, వాళ్ళకు జమ్మలమడుగు ఎక్కడుందో కూడా తెలీదు, అభిమానంతోనే కదా రాస్తున్నాను, అభిమానమట, నా మొహం, వేలు మౌస్ మీద పెట్టి ఐదు నిమిషాలైంది, అభిమానమైతే ఇంతసేపు పడుతుందా.

నలభై నాలుగు, ఎవరబ్బా అని చూస్తే సన్నజాజి, అందరికీ దండాలు, మీరు మెచ్చుకునే ఆ చివరి మాట నాది కాదు, మా అక్క ఒకామె ఇచ్చింది, ఆమె రాస్తే నాకంటే బాగా రాస్తాది అని పెట్టింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మరుక్షణంలో ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి, పేరెందుకు రాయలేదు అని కోపం వచ్చింది, ఒకామె ఏంటి ఒకామె, ఎవరండీ ఆ అక్క, ఎవరు, ఎవరు అని వరసగా అడుగుతున్నారు, ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా, నేనే అంటే చాలు.

నలభై తొమ్మిది, చెన్నకేశవులు, మొహం ఉండాల్సిన చోట వాళ్ళ నాయకుడు దండం పెడుతున్న ఫోటో, పులివెందుల పక్క తొండూరువాడు, ఎప్పుడూ పుస్తకాల గురించి ఒక్క మాట రాయడు, ఆ అక్క కాత్యాయని మేడమే గదా, ఈ గ్రూపులో తెలుగు టీచరమ్మ మీరే, మీది ప్రొద్దుటూరు గదా మేడం, అట్లయితే ఈ కథ మన పక్కదే, యా ఊరు ఇది, ఏడేండ్ల కింద మా వాడొకడు ఇట్లే కనపడకుండా పోయినాడు, దర్జీ ఎవరో చెప్పండి, మాట్లాడేది ఉంది.

మాట్లాడేది ఉంది, ఎంత మర్యాదగా రాశాడు, మౌస్ మీంచి వేలు తీసేశాను, వాడి ప్రశ్న కింద నా ఆరు వాక్యాలు, అడిగిందానికల్లా జవాబు ముందే రాసి పెట్టుకున్నాను, ఊరు, పేరు, నీలం దారం, వీడు రావడం ఐదు నిమిషాలు ఆలస్యమై ఉంటే నొక్కేసేదాన్ని, ఒట్టు గుర్తుండే నొక్కేసేదాన్ని, పొరపాటున జరిగిపోయిందమ్మా అని తర్వాత దాని ముందు ఏడ్చేదాన్ని కూడా, పొరపాటు కాదే కాత్యాయనీ, ఇందులో ఒక్క అక్షరం కూడా పొరపాటు లేదు.

మేడం, ఐదు నిమిషాలే అన్నాడు నూర్ అహ్మద్, ఆగప్పా అని అరిచాను, ఊరికే అరిచాను పాపం, ఆరు వాక్యాలూ చెరిపేశాను, ఊరుకుంటే సరిపోదు, మాట్లాడకపోతే వాడు ఔనన్నట్టే లెక్కేసుకుంటాడు, అందరూ చూసేటట్టు కాదని చెప్పాలి, చెన్నకేశవులుగారూ, ఆ వాక్యం నాది కాదు, ఆ రచయిత్రి నాకు తెలియదు, ఈ యాస చూస్తే అనంతపురం పక్కలా ఉంది, అయినా నేను అంత బాగా రాయలేనండీ, అని కొట్టాను, రాయలేనండీ అన్నది రెండుసార్లు తప్పు కొట్టి దిద్దాను, నేను రాయగలను, నేనే రాశాను, అందరూ ఇప్పుడు ఔనులెండి, మీ శైలి వేరు అంటారు, అననీ, నొక్కాను.

యాభై, వెంటనే బెంగళూరావిడ, నాకూ అదే అనిపించిందండీ, మీవి పూల కవితలు కదా అని, చచ్చిపోవాలనిపించింది, షంషాద్ ఫోను, ఎత్తలేదు, ఎత్తితే ఏడుస్తుంది, లేదా నేను ఏడుస్తాను, దాని మీద కోపం పోలేదు, పోదు కూడా, ఈ రాత్రికి అది ఇంకా బాగా రాస్తుంది, నేను చదివి ఇంకా ఉడుక్కుంటాను, కరెంటు పోయింది, తెర నల్లబడింది, ఒక్క వాక్యం నాది కాదన్నందుకే నా ఒళ్ళంతా ఇట్లా భగ్గుమంటోందే, ఆ ముసలాయన ఎస్సై ముందు మిషను మీద చెయ్యి పెట్టి ఆ మాట ఎట్లా అన్నాడో, అని ఏడేళ్ళుగా ఆ తల్లి ముందు ఎట్లా కూర్చుంటున్నాడో, ప్రతి ఉగాదికీ ఆ పాత కొలతలకు కుట్టే చొక్కాకు ఆఖరి కాజా ఏ దారంతో కుడుతున్నాడో షంషాద్‌ను ఎప్పుడూ అడగలేదు, అడగక్కర్లేదు, నాకు తెలుసు, నీలం దారంతోనే.